దాలమ్మ నోట్లో బిళ్ళ

నేను ఒక అంగిలిని. దేవుడు చేసినదాన్ని కాదు, మనుషులు చేసినదాన్ని. మీరు ఒకసారి నాలుక పైకి మడిచి తాకించి చూడండి, గట్టిగా, కాస్త గరుకుగా ఒక కప్పు తగులుతుంది. అది ఉందన్న సంగతి ఏ వేడి కాఫీయో తగిలి కాలినప్పుడు తప్ప మీకు గుర్తుకు రాదు. అది పోగొట్టుకున్నవాళ్ళకే దాని విలువ తెలుస్తుంది. నోటికీ ముక్కుకీ మధ్య ఆ కప్పు లేకపోతే తాగిన గంజి ముక్కులోంచి కారుతుంది, అన్న మాట ముక్కులోకి పోయి మూలుగై బయటికి వస్తుంది. అలాంటి చిల్లు ఒకదాన్ని మూయడానికి నన్ను తయారుచేశారు. గులాబీ రంగు ప్లాస్టిక్ బిళ్ళని. మిగిలిన పళ్ళను పట్టుకోవడానికి నాకు రెండు తీగ కొక్కేలు, పోయిన పళ్ళకు బదులుగా రెండు కట్టుడు పళ్ళు ఉన్నాయి. అందం సంగతి అడగకండి, నోట్లో దాగి ఉండేదానికి అందంతో పనేముంది?

ఒక పెద్దాసుపత్రి దంతాల విభాగంలో పుట్టాను. ముందు దాలమ్మ నోట్లో మెత్తని ముద్ద పెట్టి చిల్లు ఆకారం తీశారు. ఆ ముద్ద ఎక్కడ గొంతులోకి జారుతుందోనని ఆమె కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయింది. ఆ ఆకారంతో అచ్చు పోశారు, మైనంతో నా రూపం కట్టారు, మైనం కరిగించి ఆ చోట పిండిలాంటి ముద్ద దట్టించి నీళ్ళలో ఉడికించారు. ఉడికి, అరిగి, నునుపు తేలి బయటపడ్డాను. డాక్టరు నన్ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. మనుషులకు తాము చేసిన వస్తువు మీద ఉన్న మురిపెం, అది ఎవరి కోసం చేశారో వాళ్ళ మీద ఉండదు. చిల్లు కొలతలు పక్కాగా తీసుకున్నాడు గానీ, ఈ చిల్లు ఎలా పడిందమ్మా అని అడగగా నేను వినలేదు.

అడిగి ఉంటే కథ చాలా ఉంది. సూరాడ దాలమ్మది మొగదారపాలెం, శ్రీకాకుళం వైపు ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక మీద ఉన్న పల్లె. మొగుడు పోయి చాలా కాలమైంది. కూతురు నూకరత్నం అంగన్‌వాడీలో ఆయా. దాలమ్మ తెల్లారగానే ఒడ్డున వేలంలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద పడేది. ఆమె పక్కన ఎప్పుడూ ఆడపడుచు కొర్లమ్మ ఉండేది. ఇద్దరి నోళ్ళలోనూ అడ్డపొగ ఉండేది.

అడ్డపొగ అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, మండే కొస నోటి లోపలికి తిప్పుకుని పెదాలు మూసి పీల్చడం. ఆ తీరాన ఆడవాళ్ళంతా అలాగే కాలుస్తారు. సముద్రపు గాలికి బయటి నిప్పు ఆరిపోతుంది, నోట్లో నిప్పు ఆరదు. చేపల తట్ట మీద నుసి రాలదు. చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. ఎదురుగా పెద్దవాళ్ళు వస్తే పెదాలు బిగిస్తే చాలు, మర్యాద మిగులుతుంది. అమ్మ దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకుంటారు. దాలమ్మ కూడా పరికిణీ కట్టే వయసులోనే నేర్చుకుంది. ఆ నిప్పు ఆమె అంగిలిని ఏళ్ళ తరబడి కాల్చింది. ముందు తెల్లటి మచ్చ, తర్వాత మానని పుండు, ఆ తర్వాత ఆపరేషను. పుండుతో పాటు సగం అంగిలి పోయింది.

నేను నోట్లోకి వెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. డాక్టరు నన్ను పైకి నొక్కి కొక్కేలు బిగించి, "ఏదైనా మాట్లాడమ్మా" అన్నాడు. దాలమ్మ భయపడుతూ "నూకరత్నం" అంది. అన్నది అన్నట్టే బయటికి వచ్చింది. ఎన్నో నెలలుగా అమ్మ నోట తన పేరు మూలుగులాగే విన్న నూకరత్నం, ఆసుపత్రి అని కూడా చూడకుండా నేల మీద చతికిలబడి భోరుమంది. నాకు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి? ఒక మనిషికి మాట తిరిగి ఇచ్చిన వస్తువులు లోకంలో ఎన్ని ఉంటాయి?

కానీ నన్ను చేసిన చదువుకున్నవాళ్ళకు ఒక్కరికీ తట్టని సంగతి ఒకటి ఉంది. చిల్లు ఉన్న నోటితో చుట్ట పీల్చడం కుదరదు. పీల్చిన గాలి ముక్కులోకి జారిపోతుంది. అందుకే ఆపరేషను దగ్గర నుంచి దాలమ్మ చుట్ట ముట్టలేదు. మానేసిందని డాక్టర్లు అనుకున్నారు, కూతురు అనుకుంది, ఆమె కూడా అనుకుంది. నేను వచ్చి చిల్లు మూశాను. మింగడం వచ్చింది, మాట వచ్చింది, వాటి వెనకాలే పీల్చడమూ వచ్చింది.

ఒడ్డున పడవల కోసం ఎదురుచూస్తున్న ఒక చలి పొద్దున అది జరిగింది. కొర్లమ్మ పక్కన కూర్చుని కాలుస్తోంది. దాలమ్మ చాలాసేపు ఆ వాసన పీలుస్తూ ఉండి, చివరికి చెయ్యి చాచింది.

"ఒలే కొర్లీ, ఇలా ఒకటి ఇయ్యి."

"ఓలమ్మ! నీకేటైనా మతి పోనాదా ఒదినా? డాక్టరు బాబు వొద్దన్నాడు గదేటి!"

"ఆ బాబు వొద్దన్నప్పుడు నాకు అంగిలి నేదు. ఇప్పుడు బిళ్ళ ఎట్టినారు. కాల్తే బిళ్ళ కాలద్ది గానీ, నా కండ కాల్దు గదే."

కొర్లమ్మ కాసేపు ఆలోచించింది. ఆమెకు కూడా అది సబబుగానే తోచింది. "అవున్నే. ఇంక నీకేటి బయం" అంటూ బొడ్డులోంచి చుట్ట తీసి ఇచ్చింది.

వాళ్ళిద్దరూ తెలివితక్కువవాళ్ళని మీరు నవ్వుకోవద్దు. పుట్టినప్పటి నుంచీ నిప్పు పైకి తగిలితే మంట పుట్టే నోరు అది. ఇప్పుడు నిప్పు పెట్టినా చురుక్కుమనలేదు. ఒంటికి తెలియని హాని హాని కాదని మీలో ఎంతమంది అనుకోవడం లేదు? దాలమ్మ ఆ రోజు కళ్ళు మూసుకుని, ఎన్నాళ్ళకో సొంత ఇంటికి చేరినట్టు పీల్చింది. నా మధ్యలో గోధుమ రంగు మచ్చ పడింది. పొగ నన్ను దాటి నాలుక వెనక్కి, నా అంచుల కిందకి, మిగిలి ఉన్న కండ మీదకి పాకింది. ఆమెకు తెలియలేదు గానీ నాకు తెలిసింది. నేను చెప్పలేను కదా! మాట ఇవ్వడమే నా పని, మాట్లాడటం కాదు.

తర్వాత పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు నన్ను బయటికి తీసి వెలుతురులో పట్టుకున్నాడు. గోధుమ రంగు మచ్చ అప్పటికి నల్లగా మారింది. అతని ముఖం కూడా అలాగే మారింది. వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ వినపడేలా అరిచాడు.

"చచ్చేదాన్ని బతికించాం. కాస్తయినా సిగ్గుండక్కర్లేదా? మళ్ళీ తాగితే ఈ గడప తొక్కకు!"

నేను అతని చేతిలో ఉన్నాను. నేను లేని నోటితో దాలమ్మ జవాబు చెప్పబోయింది. మూలుగు వచ్చింది. ఎవరో ఒకామె ముఖం తిప్పుకుంది. దాలమ్మ కొంగుతో నోరు కప్పుకుని తల దించుకుంది.

ఆమెను పొగాకు మాన్పించే గదికి పంపారు. గోడ మీద సిగరెట్టు పట్టుకున్న ఒక మగవాడి బొమ్మ, దాని కింద హైమావతి అనే కౌన్సెలర్. చిన్న వయసు, మంచి మనసు. కానీ బయట బారులు తీరిన జనం. హైమావతి తిట్టలేదు. "మానడం కష్టమేనమ్మా, నాకు తెలుసు" అంది. ఆ ఒక్క మాటకే దాలమ్మకు కళ్ళు తడిసిపోయాయి. చర్మం మీద అంటించుకునే నికోటిన్ పట్టీలు అయితే మీకు బాగా పనిచేస్తాయి గానీ అవి స్టాకు లేవని చెప్పి, నమిలే గమ్ బిళ్ళలు ఇచ్చింది. కోరిక పుట్టినప్పుడు ఒకటి నోట్లో వేసుకోమంది. వారానికోసారి కూతురి ఫోనుకు తనే చేస్తానంది.

ఆ గమ్ నమిలిన మొదటిసారే నాకు అతుక్కుపోయింది. దవడ ఆడినప్పుడల్లా నన్ను కిందికి లాగింది. కొక్కేలు జారాయి, ఉమ్మి ముక్కులోకి ఎగబాకింది, దాలమ్మ ఉక్కిరిబిక్కిరై సంత మధ్యలో తట్ట దింపేసింది. నన్ను వేళ్ళతో పీకి, నలుగురూ చూస్తుండగా గమ్ గీక్కుంటూ కూర్చుంది. అందరి నోళ్ళకూ పనికొచ్చే మందు అది. అంగిలి ఉన్న నోళ్ళకు. ఆ రోజు తర్వాత గమ్ డబ్బా చూరులోకి చేరింది, చుట్టలు బొడ్డులోకి తిరిగి వచ్చాయి. మళ్ళీ తాగితే గడప తొక్కొద్దన్న డాక్టరు మాటను దాలమ్మ అక్షరాలా పాటించింది. తాగుతోంది కాబట్టి వెళ్ళడం మానేసింది.

హైమావతి మాత్రం ఫోను చేసేది. ఆ ఫోను అంగన్‌వాడీలో పిల్లల గోల మధ్య నూకరత్నం ఎత్తేది. "మానీసిందండి, మాయమ్మ మానీసింది" అనేది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. ఇంట్లో పొగ ఆమె ఎన్నడూ చూడలేదు. దాలమ్మ కాల్చేదంతా ఒడ్డునే, కొర్లమ్మ పక్కన, పెదాల వెనక. "అయితే ఒకసారి తీసుకురండి, పరీక్షలు తప్పకూడదు" అని హైమావతి బతిమాలింది. నూకరత్నం తల్లిని పోరి ఒప్పించింది.

ఆసుపత్రికి బయలుదేరే ముందురోజు దాలమ్మ నన్ను తీసుకుని గుడిసె వెనక్కి వెళ్ళింది. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండూ ఇసుకా వేసి నన్ను తోమింది. నా నునుపంతా పోయింది. ఒంటినిండా గీతలు పడ్డాయి, అంచులు రంపంలా లేచాయి. నల్లటి మచ్చ మాత్రం పోయింది. మర్నాడు ఆ గరుకు అంచులు ఆమె కండను గీరుతూనే ఉన్నాయి.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ రోజు ఆమె బయలుదేరింది మోసం చేయడానికి కాదు. మచ్చ పోగొట్టింది డాక్టరు తిట్లకు భయపడి. హైమావతికి మాత్రం నిజం చెప్పాలనుకుంది. బస్సులో దారి పొడుగునా నా మీద నాలుక ఆడిస్తూ ఒకే మాట కూడబలుక్కుంది. "తల్లీ, నాను మానలేకపోతన్నాను. ఏదైనా దారి సెప్పు." పెదాలు కదలలేదు, శబ్దం రాలేదు, కానీ నేను ప్రతిసారీ విన్నాను. ఆ మాట బయటికి వస్తే ఈ మనిషి బతుకుతుందని నాకు గట్టి నమ్మకం కలిగింది.

ఆసుపత్రి ముందు షామియానా వేసి ఉంది. క్యాన్సర్‌ను జయించిన వాళ్ళకు సన్మానమట. డాక్టరు నన్ను బయటికి తీసి, తిప్పి చూసి, ఒక్కసారిగా వెలిగిపోయాడు. "చూశారా, ఒక్క మచ్చ లేదు. తిడితే తిట్టాను గానీ ఫలితం చూడండి" అన్నాడు. నా మీద పడిన గీతలు అతనికి కనబడలేదు, నన్ను మళ్ళీ నోట్లో బిగించాడు. మనుషులు చూడదలుచుకున్నదే చూస్తారు. హైమావతి పరుగున వచ్చి దాలమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మీరు నాలుగు మాటలు చెప్పాలమ్మా. మీలాంటి వాళ్ళు చెబితే మిగతావాళ్ళు వింటారు" అంది.

"తల్లీ, నాను నీకో మాట..." అని దాలమ్మ మొదలుపెట్టింది.

"స్టేజీ మీద చెబుదురు గాని, రండి రండి."

శాలువా కప్పారు. మైకు నోటి దగ్గర పెట్టారు. ఎదురుగా గొంతుకు కట్లు కట్టుకున్నవాళ్ళు, దవడ వంకర పోయినవాళ్ళు, జుట్టు రాలిపోయినవాళ్ళు, అందరూ ఆమె ముఖంలోకే ఆశగా చూస్తున్నారు. మొదటి వరసలో నూకరత్నం కళ్ళు మెరుస్తున్నాయి. దాలమ్మ నాలుక నా మీద ఆ పాత మాట కోసం తడుముకుంది. అది అక్కడే ఉంది. కానీ బయటికి వచ్చింది ఇంకొకటి.

"నాను... మానీసినానండి."

చప్పట్లు మోగాయి. హైమావతి కళ్ళు తుడుచుకుంది. ఆ చప్పట్లు దాలమ్మ ముందు తలుపు వేసేశాయి. ఇంక ఆ గదిలోకి వెళ్ళి మానలేకపోతున్నానని ఎలా చెబుతుంది? శాలువా కప్పించుకున్న మనిషి సాయం అడగదు. అప్పటి నుంచి హైమావతి ఫోను కూడా రాలేదు. మానేసినవాళ్ళకు ఫోనెందుకు? మానని వాళ్ళే బోలెడంతమంది.

నా మాటల్లో చేదు ఉందంటే ఉంటుంది. ఆ రోజు నుంచి నేను ఉన్న చోటు అలాంటిది. దాలమ్మ ఇదివరకటి కంటే ఎక్కువ కాల్చింది. సిగ్గుతో కాల్చింది, దిగులుతో కాల్చింది. కొర్లమ్మ ముందు కూడా ఏడ్చేది. "ఇది నన్ను ఇడిసిపెట్టదే కొర్లీ" అనేది. నా వెనక అంచు దగ్గర, కొండనాలుక పక్కన, కండ గట్టిపడటం నాకు ముందే తెలిసింది. అది ఉబ్బుతూ నన్ను కిందికి తోసింది. మాట మళ్ళీ ముక్కులోకి పోవడం మొదలైంది. ఎందుకని నూకరత్నం అడిగితే బిళ్ళ వదులైందని చెప్పింది. ఆసుపత్రికి పోదామంటే రేపు అంది. ఆ పుండేమిటో దాలమ్మకు తెలుసు, ఒకసారి చూసిన పుండే అది. వెళితే నిజం బయటపడుతుంది. చావుకు భయపడినట్టే ఆమె ఆ నిజానికీ భయపడింది. ఒక్కోరోజు చావు భయం కంటే ఆ భయమే పెద్దదిగా ఉండేది.

గంజి దిగని రోజు వచ్చాక నూకరత్నం ఆటో పిలిచి బలవంతంగా తీసుకెళ్ళింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు నూకరత్నాన్ని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఆమె తిరిగి వచ్చి, గాలి ఆడటం లేదన్నట్టు కొంగుతో విసురుకుంటూ నిలబడింది. 

దాలమ్మ హైమావతి గదికి తనే నడిచి వెళ్ళింది. నన్ను వేలితో పైకి అదిమి పట్టుకుంది, మాట జారిపోకుండా. ఉబ్బిన కండ మీద నేను గుచ్చుకుంటుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా వేలు తీయలేదు.

"తల్లీ, నాను మానలేకపోతన్నాను. ఏదైనా దారి సెప్పు."

వచ్చింది ఆ మాట. ఒక్క అక్షరం పోకుండా వచ్చింది. నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దీని కోసమే. హైమావతి చేతిలోని కాగితం కింద పెట్టింది. అది ముక్క పరీక్ష రిపోర్టని నాకు తర్వాత అర్థమైంది. ఆమె లేచి వచ్చి దాలమ్మ పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఇప్పుడు మానకపోయినా పరవాలేదమ్మా. మీకు ఎలా హాయిగా ఉంటే అలా ఉండండి."

దాలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత వెనకాలే వచ్చిన కూతురి వైపు చూసింది. ఇన్నాళ్ళూ వద్దు వద్దన్న మనుషులు ఒక్కసారిగా పరవాలేదంటున్నారు. అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

"అంటే... అయిపోనాదన్నమాట."

 నూకరత్నం గోడ వైపు తిరిగింది. హైమావతికి ఏడుపు ఆగలేదు. "మీరు అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?" అంది, అంటూనే తన ప్రశ్నకు తనే తల దించుకుంది.

"ఏడవకు తల్లీ. మానడం ఎలాగో సెప్పు" అంది దాలమ్మ. "ఇంక ఎందుకమ్మా?" అని హైమావతి అడిగితే, నన్ను మళ్ళీ పైకి అదిమి, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది. "అంత మంది ముందు మానీసినానని సెప్పీసినాను గదేటి. ఆలంతా నమ్మినారు. అబద్దంతో ఎల్లిపోమంటావా?"

పట్టీలు అప్పటికి వచ్చి ఉన్నాయి. బీరువాలో అట్టపెట్టెల నిండా ఉన్నాయి. హైమావతి ఒకటి తీసి ఆ ఎండిన జబ్బకు అంటించింది. ఇంటికి పంపేశాక రోజూ ఫోను చేసింది, ఈసారి దాలమ్మతోనే మాట్లాడింది. అవతల నుంచి మూలుగు తప్ప ఏమీ వినపడకపోయినా ఫోను పెట్టేసేది కాదు. మనిషికి సాయం ఎలా ఉండాలో నేను అప్పుడే చూశాను. ఎంత చిన్న పని! ఎంత ఆలస్యంగా!

అవి సులువైన రోజులు కావు. దాలమ్మ ఒళ్ళంతా వణికేది, చాపను గోళ్ళతో రక్కేది. చూడలేక ఒకరోజు నూకరత్నమే చుట్ట వెలిగించి తెచ్చింది, జీవితంలో మొదటిసారి తన చేత్తో. దాలమ్మ ఆ చేతిని పట్టుకుని నెమ్మదిగా పక్కకు తోసింది. నేను ఆమె నోట్లో పట్టడం అప్పటికే మానేశాను. పక్కనున్న స్టీలు గిన్నెలో నీళ్ళల్లో పడి అంతా చూశాను. చుట్ట నేల మీద దానంతట అదే ఆరిపోయింది. ఆ తర్వాత ఆమె అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. ఆమె మానేసింది. ఈసారి నిజంగానే మానేసింది. అది చూడటానికి షామియానా లేదు, శాలువా లేదు.

పౌర్ణమి పోటు ఎక్కుతున్న వేళ దాలమ్మ పోయింది. పాడె కట్టాక కొర్లమ్మ ఏడుస్తూ వచ్చి, బొడ్డులోంచి నాలుగు చుట్టలు తీసి ఆమె తల దగ్గర పెట్టింది. "తోవలో ఏటి సేస్తావో ఒదినా, ఇయి నేకండా ఒక్క పూట ఉన్నదానివి కావు" అంది. పల్లెలో అది రివాజే, పోయినవాళ్ళకు ఇష్టమైనవి వెంట పంపుతారు.

నూకరత్నం వాటిని తీసేసి కొర్లమ్మ చేతిలో పెట్టింది.

"వొద్దత్తా. మాయమ్మ మానీసింది."

కొర్లమ్మ వెర్రిదాన్ని చూసినట్టు ఆమెను చూసింది. పాపం, బెంగతో ఏదో అంటోంది అనుకుంది. చుట్టలు తిరిగి బొడ్డులో దోపుకుంది.

పోయినవాళ్ళు వాడిన చాపా, దుప్పటీ, గ్లాసూ ఒడ్డున వదిలేసి రావడం అక్కడి ఆచారం. ఆ కుప్పలో నన్ను కూడా గిన్నెతో సహా ఉంచి వెళ్ళారు. రేపో మాపో అల వచ్చి నన్ను తీసుకుపోతుంది. నా గురించి నాకు బాధ లేదు. నాలాంటివాటిని ఇంకా చేస్తూనే ఉంటారు, కొలతలు పక్కాగా తీసుకుని, మురిసిపోతూ.

అందరూ వెళ్ళిపోయాక కొర్లమ్మ ఒక్కతే పడవ నీడలో కూలబడింది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది. దాలమ్మ కోసం తెచ్చిన చుట్టల్లో ఒకటి తీసి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి వెలిగించింది. మండే కొస నోట్లోకి తిప్పుకుని పెదాలు మూసింది. ఆమెకు ఇంకా సొంత అంగిలి ఉంది.